తట్ట ఆమెకి, తాపీ అతనికి

“మాలు కలుపుతారు, మోస్తారు, గోడలకి నీళ్ళు కొడతారు. ఫినిషింగు మాత్రం ఆడాళ్ళ వల్ల కాదు మేడమ్.” దర్శిలో తాపీ మేస్త్రీలు ఈ మాట చెప్పేటప్పుడు వాళ్ళ గొంతులో కోపం ఉండదు, హేళనా ఉండదు. చింతచెట్టుకి చింతకాయలు కాస్తాయన్నంత మామూలుగా చెప్తారు. ఇల్లు కట్టించుకునే రైతులూ ఇదే అంటారు. పనులు చూసే ఇంజనీర్లూ ఇదే అంటారు. ఇరవయ్యేళ్ళుగా తట్టలు మోస్తున్న స్త్రీలలో కూడా కొందరు ఇదే అంటారు. పితృస్వామ్యం తన పనిని ఎంత నునుపుగా ముగించిందంటే ఎక్కడా అతుకు కనపడదు.

ఆ అతుకు ఎక్కడుందో చూపించడమే ఇక్కడ నా ప్రయత్నం. గోడని నునుపు చేసే పనితనం ఈ ప్రాంతంలో తరతరాలుగా స్త్రీలది. దానికి కూలి లేనంత కాలం అది ఆడపని. కూలి వచ్చిన రోజున అది మగవాడి విద్య అయిపోయింది. చేతుల బలానికి గానీ వేళ్ళ నేర్పుకి గానీ ఈ మార్పుతో ఏ సంబంధమూ లేదు.

దర్శి నెల్లూరు జిల్లాలో ఉన్న రోజులు, అంటే 1970కి ముందరి రోజులు, గుర్తున్న ముసలమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్ళని గోడల గురించి అడిగి చూడండి. ఎర్రమట్టి తెచ్చుకునేది వాళ్ళే. బెడ్డలు చితక్కొట్టి, జల్లించి, వరిగ పొట్టో జొన్నచొప్ప తుక్కో కలిపి, నీళ్ళు పోసి తొక్కి, రెండు మూడు రోజులు నానబెట్టేది వాళ్ళే. మొదటి మెత్తుడు మందంగా వేసి, వేళ్ళ గాట్లు అలాగే వదిలేసేవాళ్ళు, పై పూత పట్టుకోవాలి కాబట్టి. అది ఆరి నెర్రెలిచ్చాక పల్చటి రెండో పూత, నెర్రెల్లోకి వేలితో నొక్కుతూ వేసేవాళ్ళు. మూడోది పేడా, జల్లెడ పట్టిన మెత్తటి మట్టీ కలిపిన జారుడు పూత. దాన్ని అరచేత్తో అర్ధచంద్రాకారంగా లాగేవాళ్ళు. కొందరు ఏటి గుండ్రాయితో రుద్ది మెరుగు కూడా పెట్టేవాళ్ళు. ఆపైన సున్నం. ఏటా వానలు వెలిశాక, సంక్రాంతి లోపల ఇదంతా అయిపోవాలి. పూత ఎంత ఆరిందో రంగు చూసి, ఎప్పుడు రుద్దాలో వేలు ఆనించి, మందం ఎక్కడ ఎక్కువైందో తడిమి చెప్పగలిగిన మనుషులు వాళ్ళు. దీన్ని ఎవరూ పని అనలేదు. ఇంటి శుభ్రం అన్నారు, పండగ ముస్తాబు అన్నారు.

ఇక్కడ కులాన్ని దాటేసి మాట్లాడితే అబద్ధం అవుతుంది. మెరక మీద మోతుబరుల ఇళ్ళలో గోడలు మెత్తింది ఆ ఇంటి ఇల్లాళ్ళు కారు. పల్లె నుంచి దళిత స్త్రీలు వచ్చి మెత్తి వెళ్ళేవాళ్ళు. చేతికి డబ్బు వచ్చేది కాదు, మానెడో రెండు మానెలో గింజలో, పాత చీరో వచ్చేది. అంటే ఒకే పనితనం ఒక ఇంట్లో ఇల్లాలి ధర్మం పేరుతో, ఇంకో ఇంట్లో వెట్టి పేరుతో కూలి లేకుండానే జరిగిపోయింది.

అలాగని మట్టిగోడల్ని కీర్తిస్తూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. పట్నం నుంచి వచ్చి, మట్టి ఇంట్లో చల్లగా ఉంటుందని మురిసిపోయే పర్యావరణ ప్రేమికులు నాకు తరచు తగులుతుంటారు. ఆ చల్లదనం కోసం ఏటా ఎవరి నడుములు విరిగాయో వాళ్ళు అడగరు. సిమెంటు గోడ వచ్చినందుకు సంతోషించామని ఆ ముసలమ్మలే నాతో చెప్పారు. వాళ్ళ సంతోషం న్యాయమైనది. నా తగువు సిమెంటుతో కాదు, సిమెంటుతో పాటు వచ్చిన శ్రమవిభజనతో.

ఆ విభజన దర్శిలో ఏ కట్టుబడి దగ్గరైనా కనిపిస్తుంది. అతని చేతిలో తాపీ, ఆమె నెత్తిన తట్ట. అతను పరంజా మీద నిలబడతాడు. ఆమె తట్టతో అదే పరంజా ఎక్కి దిగుతుంది, రోజుకి ఎన్నిసార్లో లెక్క ఉండదు. చీరకట్టుతో పరంజా ఎక్కలేరు కాబట్టి మేస్త్రీ పనికి పనికిరారనే వాదన నాకు ఇప్పటికీ అర్థం కాదు. బరువుతో ఎక్కేదానికి అడ్డురాని చీర, బరువు దించుకుని నిలబడేదానికి ఎలా అడ్డొస్తుంది? ఆమెకి అందే కూలి మాత్రం అతని కూలిలో సగానికి కాస్త అటూ ఇటూ.

మరియా మీస్ 1982లో నర్సాపురం లేసు పనివాళ్ళ మీద పుస్తకం ప్రచురించింది. ఆ పుస్తకం మనలో చాలామంది చదివిందే. ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్న స్త్రీలని, తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులుగా చూపించడం వల్లే వాళ్ళకి అంత తక్కువ కూలి ఇవ్వగలిగారని ఆమె చెప్పింది. దాన్నామె గృహిణీకరణ అంది. గోడల విషయంలో జరిగింది దానికి రెండో ముఖం. లేసు దగ్గర స్త్రీ చేతిలోని పనిని పని కాదన్నారు. గోడ దగ్గర, అది పని అని ఒప్పుకున్న క్షణంలోనే ఆమె చేతిలోంచి లాక్కున్నారు.

సరే, ఫినిషింగు అన్నారు కాబట్టి అసలు ఆ ఫినిషింగులో ఏముందో చూద్దాం. దర్శి చుట్టుపక్కల చాలా ఊళ్ళు నల్లరేగడి మీద ఉన్నాయి. ఆ నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. పునాది సరిగ్గా లేని ఇంటి గోడ దాంతో పాటే కదిలి బీటలు వారుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకే బీట అలాంటిదే. దాన్ని పూడ్చే ముందు బీట చివర్న పెన్సిలు గీత పెట్టి తేదీ వేసి, అది ఇంకా పాకుతోందో లేదో కొంతకాలం చూడాలి. కదిలే బీటలో ఎంత గట్టి సిమెంటు కుక్కినా వచ్చే వేసవికి పక్కనే ఇంకోటి తెరుచుకుంటుంది. పైపూతలో మాత్రమే వచ్చే వెంట్రుక పగుళ్ళు వేరు. నిగనిగలాడాలని తడి పూత మీద పొడి సిమెంటు చల్లి తాపీతో గుంజి గుంజి మెరుగు పెట్టిన చోట అవి వస్తాయి. అంటే ఫినిషింగు మీద అతిశ్రద్ధ తెచ్చిన రోగం అది.

అతుకు వేసేటప్పుడు ముందు వేలి కణుపుతో గోడని తట్టి డొల్ల ఎక్కడి దాకా ఉందో వినాలి. డొల్లంతా రాల్చేసి, దుమ్ము దులిపి, తడిపి, పల్చటి సిమెంటు నీళ్ళు పూసి, సన్న ఇసుక మాలు పెట్టాలి. పాత గోడ మట్టానికి ఒక నూలు లోతుగానే ఆపాలి, లప్పానికి చోటుండాలి. వేలు నొక్కితే అచ్చు పడాలి గానీ మాలు వేలికి అంటకూడదు, అప్పుడు చెక్కతో గుండ్రంగా రుద్దాలి. వారం రోజులు తడిపి, బాగా ఆరాక లప్పం రెండు పల్చటి పూతలు. రెండోది మొదటిదాన్ని దాటి పాత గోడ మీదికి పోవాలి, పోతూ పోతూ పల్చబడి మాయమవాలి. గోడ పక్కనించి బ్యాటరీ లైటు వేస్తే మిట్టపల్లాలన్నీ నీడలుగా బయటపడతాయి. అప్పుడు గరుకు కాగితంతో రుద్దాలి.

అమెరికాలో మన పిల్లలుండే ఇళ్ళలో లోపలి గోడలు ఎక్కువగా జిప్సం పలకలవి. తలుపు పిడి తగిలి చిల్లు పడితే అక్కడ కాగితపు పట్టీ అంటించి మెత్తటి ముద్దని మూడు పూతలుగా వేస్తారు. ఒక్కో పూతా ముందుదానికన్నా వెడల్పుగా, అంచుల్లో సున్నాకి వచ్చేలా, మధ్యలో ఆరనిస్తూ. సరుకు మారింది, దేశం మారింది, సూత్రం అదే: పల్చటి పూతలు, ఓపిక, తడిమి చూసే చెయ్యి. దర్శి ముసలమ్మకి ఈ సూత్రాల్లో కొత్తది ఒక్కటీ లేదు. అన్నట్టు, అక్కడ కూడా కూలికి ఈ పని చేసేవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళే. ఇంట్లో తన గోడకి తాను చేసుకునేటప్పుడు మాత్రం ఏ చెయ్యైనా పనికొస్తుంది.

ఇదే ప్రాంతంలో స్త్రీల వేళ్ళ గురించి ఇంకో కథ చెప్తారు. మిరపకాయ తొడిమ ఊడకుండా కోయాలంటే ఆడకూలీలే కావాలి. పొగాకు గ్రేడింగులో ఆకు రంగునీ, మందాన్నీ, జిగటనీ క్షణంలో తేల్చడానికి ఆడవాళ్ళ కళ్ళూ వేళ్ళే కావాలి. 1970లో గుజరాత్‌లో సంకర పత్తి వచ్చి, ఆ విత్తనం తయారీ తెలుగు జిల్లాలకీ పాకిన తర్వాత, విచ్చని మొగ్గలోంచి కీలం దెబ్బతినకుండా కేసరాలు తియ్యడానికి ఆడపిల్లల సున్నితమైన వేళ్ళే కావాలన్నారు. బడికి పోవాల్సిన పిల్లల్ని చేలోకి తోలడానికి ఆ సున్నితత్వమే సాకైంది. పత్తిమొగ్గ దగ్గర అంత నేర్పున్న వేళ్ళు గోడ దగ్గరికొచ్చేసరికి మొద్దువెందుకయ్యాయి? సున్నితమైన వేళ్ళన్నప్పుడూ కూలి తక్కువే, మొద్దు వేళ్ళన్నప్పుడూ కూలి తక్కువే. శరీరం గురించి చెప్పే ఈ కథలన్నీ కూలి దగ్గరికొచ్చేసరికి ఒకేలా ముగుస్తాయి.

దర్శిలో నేను అద్దెకున్న ఇంట్లో వంటింటి గోడ ఒకచోట తలుపంత మేర పెచ్చులూడింది. మేస్త్రీ ఒక సహాయకురాలితో వచ్చాడు. మాలు పెట్టి, పెద్ద పని ఏదో ఉందని ఫోనొస్తే, సాయంత్రం వస్తానని వెళ్ళిపోయాడు. మాలు గట్టిపడుతోంది. ఆమె రెండుసార్లు వేలు ఆనించి చూసింది. తర్వాత చెక్క తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. “ఎప్పుడు నేర్చుకున్నావమ్మా?” అన్నాను. “నేర్చుకునేదేముంది మేడమ్, మాయమ్మ గోడలు మెత్తతంటే చూళ్ళా? పద్దెనిమిదేళ్ళ నుంచి ఈయన పక్కనే గదా నిలబడుండేది” అంది. మేస్త్రీ వచ్చి గోడ చూశాడు. బాగుందనీ అన్లేదు, బాగాలేదనీ అన్లేదు. తాపీతో మూల దగ్గర ఒకసారి గీసి, “సరే, రేపట్నించి నీళ్ళు కొట్టు” అన్నాడామెతో. డబ్బులిచ్చేటప్పుడు ఇద్దరి కూలీ ఎప్పటి లెక్క ప్రకారమే తీసుకున్నాడు.

ఆ మేస్త్రీ దుర్మార్గుడేమీ కాదు. అతను ఎలా మేస్త్రీ అయ్యాడో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. పదహారేళ్ళకి మేనమామ దగ్గర తట్ట మోయడానికి చేరాడు. మధ్యాహ్నం అన్నాలప్పుడు మేనమామ తాపీ ఇచ్చి వెనక గోడ మీద ప్రయత్నించమనేవాడు. పాడుచేస్తే తిట్టి, గీకించి, మళ్ళీ వేయించేవాడు. నాలుగేళ్ళలో మేస్త్రీ అయ్యాడు. అదే అన్నాల వేళ ఆమె ఏం చేస్తుంటుంది? సామాన్లు కడుగుతుంటుంది, చంటిపిల్లకి పాలిస్తుంటుంది. ఆమెకి పద్దెనిమిదేళ్ళలో పాడుచేయడానికి ఒక్క గోడ కూడా ఎవరూ ఇవ్వలేదు. నైపుణ్యం అనే మాట వెనకున్నది ఈ బంధువర్గం, ఈ తీరిక, తప్పు చేసే ఈ హక్కు. మామూలు తట్టపనివాడు నాలుగేళ్ళు ఆగే మజిలీలో ఆమె జీవితాంతం ఆగిపోతుంది.

చట్టం సంగతి చెప్పాలి. 1976 సమాన వేతన చట్టం ఒకే రకమైన, లేదా అదే స్వభావం గల పనికి సమాన కూలి అంది. 2019 వేతనాల కోడ్ ఆ చట్టాన్ని తనలో కలిపేసుకుంది. 2025 నవంబరు 21న కోడ్ అమల్లోకొచ్చింది, ఆ నియమం మాత్రం అలాగే ఉంది. వినడానికి బాగుంటుంది. కానీ మాలు మోయడమూ మాలు పూయడమూ ఒకే స్వభావం గల పని కాదు గదా! తాపీని ఆమె చేతికి రానివ్వకుండా ఉంచితే చాలు, సమాన వేతనం అన్న ప్రశ్నే పుట్టదు. చట్టాన్ని ఉల్లంఘించాల్సిన అవసరమే లేదు.

రెండోది ఇంతకన్నా ఘోరం. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం పది మంది కన్నా తక్కువ పనిచేసే చోట్లనీ, పది లక్షల లోపు ఖర్చుతో సొంతానికి కట్టుకునే ఇళ్ళనీ తన పరిధిలోంచి తప్పించింది. 2020 సామాజిక భద్రత కోడ్‌లో ఆ పది లక్షలు యాభై లక్షలయ్యాయి. దర్శి లాంటి ఊళ్ళో జరిగే సొంతింటి పనుల్లో యాభై లక్షలు దాటేవెన్ని? గోడకి అతుకు వేసే పని ఎప్పటికైనా దాటుతుందా? సంక్షేమ నిధికి డబ్బు తెచ్చే ఒక శాతం సెస్సు ఆ పని మీద పడదు. ఒక మేస్త్రీ, ఒక సహాయకురాలు, ఒక సిమెంటు బస్తా ఉన్న వంటిల్లు చట్టం కళ్ళకి పనిస్థలమే కాదు. తడి సిమెంటు క్షారానికి ఆమె అరచేతులు ఒరుసుకుపోయినా, లప్పం రుద్దిన దుమ్ము ఊడ్చి ఊడ్చి దగ్గొచ్చినా ఏ రికార్డులోనూ ఉండదు.

జాతీయ ఆదాయ గణాంకాలు కూడా దీనికి తోడే. సొంతానికి ఇల్లు కట్టుకుంటే అది ఉత్పత్తి. అదే ఇంటిని ఏటా మెత్తి, అలికి, చిన్నచిన్న మరమ్మతులు చేసుకుంటే అది ఇంటిపని, లెక్కలోకి రాదు. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి సభ్యుల కోసం చేసే కూలి లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకి 289 నిమిషాలు వెచ్చిస్తే, పాల్గొన్న పురుషులు 88 నిమిషాలు వెచ్చించారు.

2020 డిసెంబరులో మొదలుపెట్టి రాష్ట్ర ప్రభుత్వం లక్షలాది ఇళ్ళ స్థలాల పట్టాలు స్త్రీల పేరు మీద ఇచ్చింది. ఇంటికి 1.80 లక్షల సాయం అంది. ఆస్తి ఆమె పేరున ఉండటం చిన్న విషయం కాదు, దానికోసం మనం పోరాడాం. కానీ ఆ ఇళ్ళు కట్టేటప్పుడు ఇంటి యజమానురాలే తన ఇంటికి తట్టలు మోసి, మేస్త్రీకి కూలి చెల్లించిన దృశ్యం నేను ఒక్క చోట కాదు చూసింది. ఆమెకి ముందు తాపీ నేర్పి తర్వాత పట్టా ఇచ్చి ఉంటే ఆ డబ్బులో కొంత ఆమె ఇంట్లోనే మిగిలేదని ఏ అధికారికీ తోచలేదు.

మన సంస్థలకి మాత్రం తోచిందా? స్త్రీలకి ఉపాధి శిక్షణ అనగానే కుట్టుమిషను. లేకపోతే పచ్చళ్ళు, అగరుబత్తీలు. దర్శిలో జాకెట్లు కుట్టే ఆమెకి వీధికొక పోటీదారు ఉంది. గోడకి అతుకు వేసే ఆమెకి ఒక్కరూ లేరు. అయినా దాతల నివేదికల్లో కుట్టుమిషను ముందు కూర్చున్న స్త్రీ ఫోటో అందంగా ఉంటుంది. ఇంట్లోనే కూర్చుని, పిల్లల్ని చూసుకుంటూ, మొగుడికి అభ్యంతరం లేకుండా. సాధికారత పేరుతో మనం పంచుతున్నది గృహిణీకరణే.

ఇది సాధ్యం కాని కల కాదు. కేరళలో త్రిసూర్ ప్రాంతంలో 1980ల చివర్నే మరుగుదొడ్ల నిర్మాణం కోసం స్త్రీలకి తాపీ పని నేర్పారు. గుజరాత్‌లో సేవా సంఘం వాళ్ళు 1994లో పెట్టిన మహిళా హౌసింగ్ ట్రస్టు కట్టుబడి కూలీ స్త్రీలకి తాపీ పనీ, రంగుల పనీ నేర్పింది. జార్ఖండ్‌లో స్వచ్ఛభారత్ మరుగుదొడ్లు కట్టిన స్త్రీలని రాణీ మిస్త్రీలని పిలిచారు. పేరులో ఆ రాణీ ఎందుకో నాకు తెలీదు, మిస్త్రీ అంటే చాలదా? మూడు చోట్లా స్త్రీలు గోడలు కట్టారు, అవి నిలబడ్డాయి. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. శిక్షణ ఇచ్చి, సర్టిఫికెట్టు చేతిలో పెట్టి పంపేస్తే, మర్నాడు అడ్డా మీద మేస్త్రీ ఆమెకి మళ్ళీ తట్టే ఇస్తాడు. పని కూడా మనమే పట్టుకురావాలి.

అందుకే నేను పెద్ద కట్టుబళ్ళతో కాకుండా మరమ్మతులతో మొదలుపెట్టమంటున్నాను. అతుకు పనంటే మేస్త్రీలకి చిరాకు. ఒక పూట పని, రెండు మూడు సార్లు రావాలి, మధ్యలో ఆరనివ్వాలి. వస్తామని రారు. వాళ్ళకి అక్కరలేని ఆ ఖాళీలోకి నలుగురైదుగురు స్త్రీల జట్టు సులువుగా దిగొచ్చు. తాపీ, రుద్దే చెక్క, మట్టపలక, లప్పం రేకు, తూకం గుండు ఉంటే చాలు. చాలా పనులకి పరంజా కూడా అక్కర్లేదు. పగటిపూట మగవాళ్ళు లేని ఇళ్ళలో వంటింట్లోకీ పడగ్గదిలోకీ పరాయి మేస్త్రీని రానివ్వడానికి జంకే ఇల్లాళ్ళు ఈ జట్టుని ముందుగా పిలుస్తారు. అంగన్‌వాడీ కేంద్రాల్లో, ప్రాథమిక పాఠశాలల్లో, హాస్టళ్ళలో గోడలు ప్రతి వానాకాలం తర్వాతా పెచ్చులూడతాయి. ఆ మరమ్మతుల్ని నామినేషన్ మీద మహిళా జట్లకి ఇమ్మని పంచాయతీలనీ, దర్శి నగర పంచాయతీనీ అడగాలి. పని చేసినంతకాలం మేస్త్రీ రేటే కట్టమనాలి, సహాయకురాలి రేటు కాదు. కార్మిక సంక్షేమ బోర్డు కార్డులో వృత్తి అన్న గడిలో కూలీ అని కాకుండా తాపీ పని అని రాయించాలి.

ఇదంతా నా వంటింటి గోడ రుద్దిన ఆమెతో చెప్పాను. నీళ్ళు కొట్టడానికి వచ్చి, చెంబు పక్కన పెట్టి, మొత్తం విన్నది. జట్టులో ఎవరెవరుంటారో అడగలేదు, రోజుకి ఎంతొస్తుందో కూడా ముందు అడగలేదు.

“పంచాయతీవోళ్ళు బిల్లు రాసేటప్పుడు నా పేరు పక్కన మేస్త్రీ అని రాస్తారా మేడమ్, కూలీ అని రాస్తారా?” అంది.